పాలపిండి లెక్క: పీఎల్-480 గోధుమలు, షరతులు, మన పల్లెలు



2025 జులై 1న అమెరికా ప్రభుత్వం యూఎస్‌ఎయిడ్ తలుపులు మూసేసింది. 1961లో కెన్నెడీ పెట్టిన సంస్థ అది. మిగిలిన పనుల్ని విదేశాంగ శాఖలో కలిపేశారు. ఆ వార్త వచ్చిన రోజున మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఇక పల్లెలో పాలపిండి బంద్" అని పెట్టి, నవ్వే బొమ్మలు నాలుగు తగిలించాడు. పల్లె అంటే ఏదో, పాలపిండి అంటే ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ జోకు వయసు ఆయన వయసు కంటే ఎక్కువ. "పాలపిండికీ, గోధుమరవ్వకీ మతం మారినోళ్లు" అనే మాట మన తాతలు విన్నారు, మన నాన్నలు విన్నారు, హాస్టల్లో మనమూ విన్నాం.

నేను ఆయనకి జవాబు పెట్టలేదు. లెక్క తీద్దామనుకున్నాను. అమెరికా సాయంగా వచ్చిన తిండిలో పల్లెకి చేరిందెంత? ఊరికి, పట్నానికి, ఢిల్లీకి చేరిందెంత? ఆ సాయానికి ఎవరు ఏ షరతు పెట్టారు, ఎవరు ఒప్పుకున్నారు, ఆ షరతు బరువు చివరికి ఎవరి నెత్తిన పడింది? ఈ భాగమంతా ఆ లెక్కే. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా 1951కి వెళ్దాం. దేశంలో తిండి కరువు. నెహ్రూ ప్రభుత్వం అమెరికాని 20 లక్షల టన్నుల ధాన్యం అడిగింది. అడిగిన తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో నెలల తరబడి చర్చ. కొందరు సభ్యులు సూటిగానే అడిగారు: గోధుమలిస్తాం సరే, మాకేమిస్తారు? మాంగనీసు ఇవ్వండి, మోనజైట్ ఇవ్వండి. మోనజైట్ అంటే కేరళ తీరపు ఇసుకలో దొరికే ఖనిజం, అందులోంచి థోరియం వస్తుంది, అణుశక్తికి పనికొస్తుంది. మన ప్రభుత్వం దాని ఎగుమతిని ఆపేసి ఉంది. గౌరవం తాకట్టు పెట్టే షరతులకి ఒప్పుకోమని నెహ్రూ అన్నాడు. చివరికి 1951 జూన్‌లో ట్రూమన్ సంతకం పెట్టాడు. దానం కాదది, 19 కోట్ల డాలర్ల అప్పు. ఆ అప్పు మీద మనం కట్టే వడ్డీలో కొంత భాగాన్ని విద్యార్థుల మార్పిడికి, పుస్తకాలకి వాడాలని కూడా చట్టంలో రాసుకున్నారు. గోధుమ తిన్నవాడు ఒకడు, ఆ వడ్డీ డబ్బుతో అమెరికా వెళ్లి చదువుకున్నవాడు ఇంకొకడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ తగులుతుంది.

అదే సంవత్సరం అక్టోబర్లో బాబాసాహెబ్ కేంద్ర మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. ఆ రాజీనామా ప్రకటనలో హిందూ కోడ్ బిల్లు గురించి ఉందని అందరికీ తెలుసు. విదేశాంగ విధానం గురించి ఉందని చాలామంది చదవరు. ఏడాదికి 350 కోట్ల రూపాయల ఆదాయం వస్తుంటే 180 కోట్లు సైన్యానికే పోతోందని, అవసరమొస్తే ఆదుకునే స్నేహితులు లేకపోవడం వల్లే ఈ ఖర్చని ఆయన లెక్క చెప్పారు. విదేశాంగ విధానాన్ని నీతి వాక్యాలతో కాకుండా బడ్జెట్ పద్దుతో కొలిచిన మనిషి. ఆ అలవాటు మనకీ ఉండాలని నా కోరిక.

ఇప్పుడు అసలు చట్టం. 1954 జులై 10న ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన పబ్లిక్ లా 480. మనవాళ్ల నోట పీఎల్-480 అయింది. దీని పూర్తి పేరులో ముందు వచ్చే మాట వ్యవసాయ వాణిజ్యాభివృద్ధి, ఆ తర్వాతే సహాయం. పేరులోనే వరస ఉంది. అమెరికాలో రైతులకి ప్రభుత్వం మద్దతు ధర గ్యారంటీ ఇచ్చింది. ధర పడిపోకుండా మిగులు ధాన్యాన్ని కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ తీసుకుని గోదాముల్లో పెట్టేది. గోదాములు నిండిపోయాయి. నిలవ ఖర్చు తడిసి మోపెడయింది. స్వదేశంలో అమ్మితే ధర పడిపోతుంది, సముద్రంలో పారబోస్తే పరువు పోతుంది. డాలర్లు లేని దేశాలకి వాళ్ల సొంత డబ్బు తీసుకుని ఇచ్చేస్తే? అదీ ఆలోచన.

బడ్జెట్ సంగతి ఇక్కడే చూడాలి. అమెరికాలో మామూలు విదేశీ సాయం ప్రతి ఏటా రెండు గండాలు దాటాలి. ఇంత ఇవ్వొచ్చని అనుమతిస్తూ ఒక చట్టం, ఆ డబ్బు విడుదల చేస్తూ ఇంకో చట్టం. ప్రతి గండంలోనూ కోత పడేది. కోత కోయడంలో పేరు మోసినవాడు ఒట్టో పాస్‌మన్ అని లూసియానా రాష్ట్రపు సభ్యుడు. విదేశీ సాయం నిధుల ఉపసంఘానికి ఇరవై ఏళ్లకి పైగా అధ్యక్షుడు. విదేశాలకి డబ్బివ్వడమంటే ఆయనకి ఒళ్లుమంట. కానీ లూసియానాలో వరి పండుతుంది. కాబట్టి పీఎల్-480 కింద బియ్యం పంపడమంటే అదే పాస్‌మన్‌కి మహా ఇష్టం. దక్షిణ కొరియాకి బియ్యం అమ్మకాల్లో లంచాలు తిన్నాడని 1970ల చివర్లో కేసు కూడా నడిచింది, 1979లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఎందుకు చెబుతున్నానంటే, పీఎల్-480 డబ్బు విదేశీ సాయం పద్దులో కంటే వ్యవసాయ పద్దులో ఎక్కువ బతికింది. దాన్ని కాపాడింది పేదల మీద జాలి ఉన్న సభ్యులు కాదు, గోధుమ పండే, వరి పండే, పత్తి పండే జిల్లాల సభ్యులు. మన దగ్గర చక్కెర మిల్లుల ఎమ్మెల్యేలు ఎలా ఉంటారో అలాగే.

ఆ చట్టంలోని షరతులు చూడండి. సరుకులో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే రావాలి. వాటి కిరాయి మిగతా ఓడల కంటే ఎక్కువ. మామూలుగా డబ్బుపెట్టి కొనే ధాన్యాన్ని మానేసి దీని మీదే పడకూడదు, కొనుగోళ్లు కొనసాగించాలి. 1957లో ఇంకో ముక్క కలిపారు. ధాన్యం అమ్మగా వచ్చిన స్థానిక డబ్బులో 25 శాతం దాకా ఆ దేశంలో వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీలకి, వాటి భాగస్వాములకి అప్పుగా ఇవ్వొచ్చు. ఈ సవరణ తెచ్చినవాడు హెరాల్డ్ కూలీ, ప్రతినిధుల సభ వ్యవసాయ సంఘం అధ్యక్షుడు. వాటికి కూలీ అప్పులని పేరు. మన భాషలో ఈ పేరు ఎంత వెక్కిరింతగా వినపడుతుందో చూడండి. కూలీ అప్పుల్లో ఒక్క పైసా కూలీకి రాలేదు.

మన దేశంతో మొదటి ఒప్పందం 1956 ఆగస్టు 29న జరిగింది, ఆంధ్రప్రదేశ్ పుట్టడానికి రెండు నెలల ముందు. పెద్దది 1960 మే 4న వాషింగ్టన్‌లో జరిగింది. ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ సంతకం. నాలుగేళ్లలో 1.6 కోట్ల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం. 127.6 కోట్ల డాలర్ల విలువ. సుమారు 1,500 ఓడలు, అంటే నాలుగేళ్ల పాటు రోజూ ఒక ఓడ.

ఈ గోధుమలు ఉచితం కాదు. మన ప్రభుత్వం వాటికి రూపాయల్లో ఖరీదు కట్టింది. ఆ రూపాయలు అమెరికా ప్రభుత్వం పేరుతో మన దేశంలోనే ఖాతాలో పడ్డాయి. అందులో పెద్ద భాగాన్ని మళ్లీ మన ప్రభుత్వానికే అప్పుగా, గ్రాంటుగా ఇచ్చారు. అది రెండో ప్రణాళికకి, మూడో ప్రణాళికకి ఆసరా అయింది. కొంత కూలీ అప్పులకి పోయింది. కొంత అమెరికా సొంత ఖర్చులకి: రాయబార కార్యాలయం జీతాలు, స్కాలర్‌షిప్పులు, ఆఖరికి నేపాల్‌కి అమెరికా ఇచ్చే సాయం కూడా ఈ రూపాయల్లోంచే. మన జనం రేషను షాపులో గోధుమ కొన్న డబ్బుతో అమెరికా నేపాల్‌లో దాత అయింది.

పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు పెట్టి, ఈ రూపాయలతోనే మన భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకి పంపింది. 1960ల తెలుగు పుస్తకాలు ఇక్కడ దొరక్క, అమెరికా లైబ్రరీల్లో చెక్కుచెదరకుండా దొరుకుతున్నాయంటే కారణం ఇదే. పరిశోధన చేసే మన పిల్లలు ఆ పుస్తకాల స్కాన్ కాపీలు వెతుక్కుంటుంటారు. మన తాతల్ని ఊరి లైబ్రరీ గడప ఎక్కనివ్వని కాలంలో ఊరి భాష ఓడెక్కి వెళ్లి అక్కడ భద్రంగా కూర్చుంది. దీనికి కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మరి పాలపిండి? అది ఆ చట్టంలో వేరే విభాగం. ఉచితంగా ఇచ్చే విరాళాలు. కేర్ లాంటి సంస్థల ద్వారా, కాథలిక్, ప్రొటెస్టెంట్ సహాయ సంస్థల ద్వారా బడి పిల్లలకి, బాలింతలకి, కరువు ప్రాంతాలకి పాలపిండి, మొక్కజొన్న పిండి, గోధుమరవ్వ, నూనె వచ్చేవి. మన దేశానికి పీఎల్-480 కింద వచ్చిన దాని మొత్తం విలువలో ఈ విరాళాల వాటా చిన్నది. అత్యధిక భాగం ప్రభుత్వం కొన్న గోధుమే. ఆ గోధుమ ఎక్కడికి పోయింది? అప్పట్లో చౌకధరల దుకాణాలు ఎక్కువగా పట్నాల్లోనే. బొంబాయి, కలకత్తా మిల్లు కార్మికుడికి, ఢిల్లీ గుమాస్తాకి, ఆఫీసరుకి అందింది. పల్లెటూళ్లో కూలికి పోయే మనిషికి రేషను కార్డు అనే మాట చాలా కాలం తర్వాత గానీ చేరలేదు.

కాబట్టి లెక్క ఇదీ: అమెరికా గోధుమ తిన్నది ఎక్కువగా పట్నం. అమెరికా రూపాయల మీద ప్రణాళికలు నడిపింది ఢిల్లీ. అందులో ఫ్యాక్టరీలు కట్టుకున్నది కంపెనీలు. బడి అరుగు మీద గ్లాసుడు పాలు తాగిన మాల పిల్లాడూ, మాదిగ పిల్లా మాత్రం అరవై ఏళ్లుగా ఎత్తిపొడుపు తింటున్నారు. మా నాయనమ్మ చెప్పేది. పెద్ద గంగాళంలో పాలు కలిపేవారట, ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోవాలట, మనవాళ్లు కొంచెం పక్కకి కూర్చోవాలట. పోసేవాడు గ్లాసుకి గరిటె తగలకుండా పైనుంచి పోసేవాడట. "అమెరికావోడి పాలే, మరి ఆడికి లేని మైల ఈడికెక్కడిది" అనేది.

ఇక షరతులు బిగుసుకున్న కాలానికి వద్దాం. 1965 జూన్‌తో పాత ఒప్పందం గడువు తీరింది. వరసగా రెండేళ్లు వానల్లేవు. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న దేశపు తిండిగింజల దిగుబడి 1965-66లో 7.2 కోట్లకి పడిపోయింది. లిండన్ జాన్సన్ అమెరికా అధ్యక్షుడు. ఆయన మళ్లీ నాలుగేళ్ల ఒప్పందం చెయ్యనన్నాడు. కొద్ది నెలలకి సరిపడా ఇవ్వడం, ఆపడం, మళ్లీ ఇవ్వడం. దీనికి వాళ్లే పెట్టుకున్న పేరుని తెలుగులో చెప్పుకుంటే పొట్టి పలుపు. గొడ్డుని కట్టుగొయ్యకి పొట్టి పలుపుతో కడితే ఎంత దూరం మేస్తుంది? అంతే. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరాలో అధ్యక్షుడే చూసేవాడు. భారతదేశపు వర్షపాతం పటాలు తెప్పించుకుని ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదని స్వయంగా పరిశీలించేవాడు. మన వ్యవసాయ శాఖ మంత్రులు ఎందరు ఆ పని చేశారో!

షరతులు రెండు రకాలు. బయటికి చెప్పేవి ఒక రకం. 1965 నవంబర్లో రోమ్ నగరంలో మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం, అమెరికా వ్యవసాయ మంత్రి ఓర్విల్ ఫ్రీమన్ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. అప్పటికి గుట్టుగా ఉంచారు. సారాంశం ఏంటంటే, వ్యవసాయానికి బడ్జెట్ పెంచాలి. ఎరువుల వాడకం ఫలానా స్థాయికి తేవాలి. ఎరువుల ఫ్యాక్టరీల్లోకి విదేశీ ప్రైవేటు పెట్టుబడిని రానివ్వాలి. మేలైన విత్తనాలు, పరపతి, గిట్టుబాటు ధర ఇవ్వాలి. ఇవన్నీ సుబ్రమణ్యం తనంతట తానే చెయ్యాలనుకున్నవేనని, మంత్రివర్గంలో ప్రత్యర్థుల నోరు మూయించడానికి జాన్సన్ ఒత్తిడి ఆయనకి కలిసొచ్చిందని చరిత్రకారులు చాలామంది అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. విదేశీ షరతు అనేది చాలాసార్లు స్వదేశీ పెద్దమనుషుల కోరికే, వేరే గొంతులో వినపడుతుంది.

రోమ్ తర్వాత నెల తిరక్కుండానే ఎరువుల కంపెనీలకి ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చారు. మన విశాఖపట్నంలో షెవ్రాన్, ఇంటర్నేషనల్ మినరల్స్ అనే రెండు అమెరికన్ కంపెనీలు మద్రాసు ప్యారీ కంపెనీతో కలిసి పెట్టిన కోరమాండల్ ఫెర్టిలైజర్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మన రైతులు ఇళ్ల ముందు పరదాలు కట్టుకునే గ్రోమోర్ బస్తాల కథ అక్కడ మొదలు. రాజేంద్రనగర్‌లో 1964లో ఏర్పడ్డ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దడంలో అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ పాత్ర ఉంది, ఆ ఖర్చు యూఎస్‌ఎయిడ్ పెట్టింది. కాన్సస్ అంటే గోధుమ పండే రాష్ట్రమే.

రెండో రకం షరతులు కాగితం మీద ఉండవు. 1966 మార్చిలో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వెళ్లింది. జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకి 4.76 రూపాయలున్నది 7.50 అయింది. సాయం పెరుగుతుందని మాట ఇచ్చారు, మాట ఇచ్చినంత రాలేదు. జులైలో ఆవిడ మాస్కోలో వియత్నాం మీద బాంబులు ఆపాలని సంయుక్త ప్రకటన మీద సంతకం పెట్టింది. ఆ తర్వాత పలుపు ఇంకా పొట్టిదయింది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కొత్త ఒప్పందం లేదు. సరిగ్గా అప్పుడే బీహార్ ఎండిపోతోంది. 1967 ఏప్రిల్లో అక్కడ అధికారికంగా కరువు ప్రకటించారు.

జాన్సన్‌ని ఒక్కడినే తిడితే సరిపోదు. 1966లో మన దేశం కోటి టన్నులకి పైగా ధాన్యం దిగుమతి చేసుకుంది, అందులో ఎక్కువ భాగం అమెరికాదే. వాళ్ల గోధుమ పంటలో ఐదోవంతు ఇక్కడికే వచ్చిందంటారు. ఆ ఓడలు రాకపోతే చచ్చిపోయేవాళ్లలో ముందుండేది ఎవరో మనకి తెలుసు. తిండి పెట్టింది నిజం. తిండిని తాడుగా వాడింది కూడా నిజం. ఒకటి చెప్పి రెండోది దాచే చరిత్ర మనకొద్దు.

ఆ తాడు ఎంత దూరం పోతుందో చూడాలంటే బంగ్లాదేశ్ చూడాలి. 1966లో చట్టాన్ని మార్చినప్పుడు క్యూబాతో, ఉత్తర వియత్నాంతో వ్యాపారం చేసే దేశాలకి ఈ ధాన్యం ఇవ్వకూడదని రాశారు. బంగ్లాదేశ్ 1974లో క్యూబాకి జనపనార సంచులు అమ్మింది. అమెరికా ధాన్యం ఆపింది. అమ్మకం మానేస్తామని బంగ్లాదేశ్ ఒప్పుకున్నాక గానీ ఓడలు కదల్లేదు. ఈలోపు కరువు వచ్చి జనాన్ని తినేసింది.

ఇప్పుడు మనకి ముఖ్యమైన ప్రశ్న. ఓడ జెండా మీద షరతు పెట్టారు. రూపాయి విలువ మీద పెట్టారు. ఎరువు బస్తా ధర మీద పెట్టారు. వియత్నాం మీద మాట్లాడే మాటల మీద పెట్టారు. భూమి మీద ఎందుకు పెట్టలేదు?

పెట్టడం తెలీక కాదు. ఇదే అమెరికా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌ని తన సైన్యం గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు అక్కడ భూసంస్కరణ చేయించింది. జమీందార్ల భూమి కొని కౌలుదార్లకి అమ్మించింది. ఆ పనిలో ఉన్న నిపుణుడు వుల్ఫ్ లాడెజిన్‌స్కీ. ఆయన కమ్యూనిస్టు కాదు, కమ్యూనిజం రాకుండా ఉండాలంటే దున్నేవాడికి భూమి ఇవ్వాలని నమ్మినవాడు. ఆయన మన దేశానికీ వచ్చాడు. ఆ రోజుల్లో ఫోర్డ్ ఫౌండేషన్ సలహాతో ఏడు జిల్లాల్లో ప్యాకేజీ ప్రోగ్రాం మొదలైంది. నీరున్న మంచి జిల్లాలు ఏరుకుని విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి గుమ్మరించడం. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి, తమిళనాడులో తంజావూరు అందులో ఉన్నాయి. లాడెజిన్‌స్కీ ఈ ప్యాకేజీ జిల్లాల్లో కౌలు పరిస్థితులు తిరిగి చూసి రాసిన నివేదికని ప్రణాళికా సంఘం 1965లో అచ్చేసింది. పశ్చిమ గోదావరి కూడా అందులో ఉంది. ఆయన చెప్పిందేంటి? కౌలు నోటిమాట మీద నడుస్తోంది. రికార్డుల్లో కౌలుదారు పేరుండదు. చట్టం కాగితం మీదే ఉంది. తన భూమి కానివాడు, రేపు ఉంటాడో ఉండడో తెలియనివాడు ఎరువు ఎందుకు కొంటాడు, వాడికి అప్పు ఎవరిస్తారు?

నివేదిక అచ్చయిన 1965లోనే రోమ్ ఒప్పందం జరిగింది. కౌలు లేదు, భూమి లేదు, కూలి రేటు లేదు అందులో. ఢిల్లీ వాళ్లు అడగలేదు, వాషింగ్టన్ వాళ్లు పెట్టలేదు. జపాన్‌లో వాళ్లు ఓడించిన శత్రువు భూమి అది, ఎవరికి పంచినా వాళ్లకి నష్టం లేదు. ఇక్కడ భూమి ఉన్నవాళ్లే కాంగ్రెస్ పార్టీ, భూమి ఉన్నవాళ్లే శాసనసభ. వాళ్లని కదిలించే షరతు ఎవరికీ అక్కర్లేదు. 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ వ్యవసాయ భూమి అంతా ప్రభుత్వానిదవ్వాలని, కుల భేదం లేకుండా ఊరి జనానికి సమష్టి సేద్యానికి ఇవ్వాలని, భూస్వామి, కౌలుదారు, కూలీ అనే మూడు జాతులే ఉండకూడదని రాశారు. ఆ కాగితం ఈ చర్చల్లో ఏ బల్ల మీదా లేదు.

ఇంకో మాట, ఇది మనవాళ్లలోనే కొందరికి నచ్చదు. అమెరికా గోధుమలు చౌకగా వచ్చి మన రైతు ధర పడగొట్టాయని, స్వావలంబనే మార్గమని కమ్యూనిస్టులు, కాంగ్రెస్ వాళ్లు, రైతు నాయకులు అందరూ ఒకే పాట పాడతారు. ధర ఎంత పడింది, దిగుబడి మీద ప్రభావం ఎంత అని ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేనడిగేది వేరే. ధాన్యం అమ్ముకునేవాడికి ధర పెరిగితే లాభం. ధాన్యం కొనుక్కు తినేవాడికి ధర పెరిగితే పస్తు. 1960ల్లో మాదిగవాడల్లో, మాలపల్లెల్లో అమ్ముకునే ఇళ్లెన్ని, కొనుక్కునే ఇళ్లెన్ని? గిట్టుబాటు ధర షరతు పెట్టినప్పుడు దాని పక్కన గిట్టుబాటు కూలి అనే షరతు పెట్టాలని ఒక్కరికీ తట్టలేదు. "రైతు" అన్న మాటలో మనం లేం. "దేశం" అన్న మాటలో కూడా సగమే ఉన్నాం.

కొత్త విత్తనం, కొత్త ఎరువు, కొత్త ధర వచ్చాక ప్యాకేజీ జిల్లా తంజావూరులో కూలీలు ఏమడిగారు? ఇంకాస్త ఎక్కువ ధాన్యం కూలిగా అడిగారు. భూస్వాములు వరి ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నారు. 1968 డిసెంబరు 25 రాత్రి కీళ్‌వెణ్మణిలో ఒక గుడిసెలోకి పారిపోయిన 44 మంది దళితుల్ని తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. కింది కోర్టు శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్లని వదిలేసింది. కార్లున్న పెద్ద భూస్వాములు స్వయంగా నడిచొచ్చి నిప్పు పెడతారంటే నమ్మలేమన్నట్టు రాసింది. రోమ్‌లో సంతకాలు పెట్టినవాళ్లు ఈ నిప్పు పెట్టారని నేననను. దిగుబడి మీద, ధర మీద అన్ని షరతులు రాసి, కూలి గురించి ఒక్క మాట రాయనప్పుడు ఆ ఖాళీని ఊళ్లో ఎవరు నింపుతారో అది మాత్రం చూడమంటున్నాను.

1971 డిసెంబర్లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది, సాయం ఆగింది. అప్పటికి రూపాయల్లో అమ్మే పద్ధతికి చట్టం పెట్టిన గడువు కూడా తీరింది. మొత్తంగా 5 కోట్ల టన్నులకి పైగా ధాన్యం వచ్చింది. రూపాయల కుప్ప మాత్రం అమెరికా పేరు మీద పెరుగుతూనే ఉంది, ఖర్చు పెట్టడానికి వాళ్లకే దారి లేనంత. 1974 ఫిబ్రవరి 18న అమెరికా రాయబారి డేనియల్ మొయినిహన్ మన ప్రభుత్వానికి ఒక చెక్కు ఇచ్చాడు. 1,664 కోట్ల రూపాయలు. అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్ద చెక్కని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అప్పు మాఫీ అన్నమాట. మిగిలిన కొంత తమ ఖర్చులకి ఉంచుకున్నారు.

పక్కమాట ఒకటి. పొలం గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ కలుపు పీఎల్-480 గోధుమల్లోనే వచ్చిందని మనవాళ్లు అంటారు, కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలుస్తారు. అంతకు చాలా ముందే ఇక్కడ ఉందని కొందరు శాస్త్రవేత్తలంటారు. ఎక్కడ నుంచి వచ్చినా పీకేది మన ఆడవాళ్లే. చేతులు దురదలు, పొక్కులు.

1,664 కోట్ల రూపాయలు మాఫీ చేయించుకున్న దేశాన్ని ఎవరూ పాలపిండి దేశం అనలేదు. రాయితీ ఎరువు తీసుకున్న కులాన్ని గ్రోమోర్ కులం అనలేదు. కాన్సస్ సాయంతో నిలబడ్డ యూనివర్సిటీలో చదివిన ఆఫీసర్ని గోధుమరవ్వ ఆఫీసరు అనలేదు. ఈ లెక్క మొత్తం ఆ వాట్సాప్ గ్రూపులో పెడదామనుకున్నాను, పొడుగెక్కువైందని ఇక్కడ పెడుతున్నాను. ఎవరికైనా పనికొస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల విద్యార్థులకి ఒక పని. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే మూడు విషయాలు అడిగి రాసి పంపండి: బడిలో పాలు ఎవరు పోసేవారు, ఎలా పోసేవారు, మొదటిసారి ఎరువు బస్తా ఎవరి చేలో చూశారు, ఆ ఏడు కూలి ఎన్ని కుంచాలు. పేర్లు వద్దు, ఊరు, సంవత్సరం చాలు. వచ్చే భాగంలో 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన అప్పు, దాని కరెంటు షరతులు, 2000 ఆగస్టు 28 బషీర్‌బాగ్ కాల్పులు. జై భీమ్.